లాప్‌టాప్ నేర్చుకున్న ఆఫీసు పని

సర్వీసు రికార్డుల కార్యాలయంలోని లాప్‌టాప్ చెడిపోయిందంటూ జనంలో తిరుగుతున్న వదంతి పూర్తిగా నిరాధారమని ఇందుమూలంగా తెలియజేయడమైనది. అది చెడిపోలేదు. ఆలోచిస్తోంది. పొద్దున పదింటికి మీట నొక్కితే పదీ నలభై ఆరుకు తెర మీదికి వెలుగు వచ్చేది. ఆ నలభై ఆరు నిమిషాలూ సిబ్బంది మొత్తం దాని చుట్టూ కూర్చుని, ఆపరేషన్ గది బయట బంధువుల్లా ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు.

ఒడిలో పెట్టుకోవడానికి తయారైన ఆ వస్తువును కార్యాలయం నెత్తికెత్తుకుని పదకొండేళ్లయింది. కీబోర్డు మీద మూడు అక్షరాలు అరిగిపోయాయి. మూత విరిగితే నల్లటేపు చుట్టారు. ఆ టేపు కూడా పాతబడితే దాని మీద ఇంకో టేపు చుట్టారు. అయినా దాని పరువుకు లోటు రాలేదు. ఎందుకంటే ఆ ప్రాంతంలోని నర్సుల, టీచర్ల, డ్రైవర్ల సర్వీసు వివరాలన్నీ ఒకే ఒక పెద్ద రిజిస్టరుగా అందులోనే ఉన్నాయి. కాగితపు రిజిస్టర్లను ఒకప్పుడు స్కాన్ చేసి, చిన్నపాటి సభ పెట్టి, ముక్కలు చేయించారు. ఖాళీ అయిన గదిలో పెద్దసారు మధ్యాహ్నాలు ఆధునికీకరణ గురించి కళ్లు మూసుకుని ఆలోచిస్తుంటారు.

పెద్దసారంటే సూపరింటెండెంటు. మెమరీ తక్కువైనందుకు లాప్‌టాప్‌కు మెమో ఇచ్చిన మొట్టమొదటి అధికారి ఆయనే. అది నిర్ణీత గడువులోగా సంజాయిషీ ఇచ్చుకోకపోవడంతో ‘మాంద్య నివారణ సంఘం’ వేశారు. సంఘం నాలుగుసార్లు సమావేశమైంది. బల్ల ఊగుతోందని మొదటిసారి, ఫ్యాను హోరు వల్ల మెషీను ఏకాగ్రత చెడుతోందని రెండోసారి, సిబ్బంది అదేపనిగా చూడటం వల్ల అది బెదురుతోందని మూడోసారి కనుక్కుంది. నాలుగోసారికి కారణాలు అయిపోవడంతో, విధిలేక, మెకానిక్‌ను పిలిపించారు.

మెకానిక్‌ను ఊరంతా స్క్రూ బాబాయ్ అంటారు. ఆయన వచ్చి లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, అడుగు మూత తీసి, రికార్డు అక్కను దగ్గరికి పిలిచాడు. రికార్డు అక్క అంటే రిజిస్టరును చూసుకునే గుమాస్తా. ఇరవై రెండేళ్ల అనుభవం. ఆ కార్యాలయంలో పని తెలిసినందువల్ల పదోన్నతి రాని ఏకైక మనిషి.

“ఇదిగో అక్కా, ఇందులో రెండు డిస్కులున్నాయి. ఇది పెద్దది, గిర్రున తిరిగే పాత రకం. అన్నీ దీన్లోనే ఉంటాయి. కానీ ముసలాయన, ఏది అడిగినా వెతికి తెచ్చేసరికి పొద్దుపోతుంది. ఇది చిన్నది, సాలిడ్ స్టేట్ అనే ఘనస్థితి రకం. మహా చురుకు. మనం మాటిమాటికీ అడిగేవాటికి నకళ్లు తీసి దగ్గర పెట్టుకుని, అడగ్గానే ఇచ్చేస్తుంది. దీన్నే క్యాషింగ్ అంటారు.”

ఆ మాట వినపడగానే పక్క గదిలోంచి ముగ్గురు లేచి వచ్చారు. విషయం అది కాదని తెలుసుకుని వెళ్లి కూర్చున్నారు.

“మరి అంత చురుకైంది ఉండగా ఈ ఆలస్యమేంటి బాబాయ్?”

“మూడేళ్ల కిందట ఏదో అప్‌డేట్ వచ్చినప్పుడు దీని పని ఆగిపోయింది. అప్పట్నుంచీ ఊరికే కూర్చుని ఉంది.”

“మూడేళ్లా! ఒక్కళ్లూ గమనించలేదా?”

“ఈ ఆఫీసులో ఊరికే కూర్చున్నవాళ్లని ఎలా గమనిస్తారక్కా?”

డ్రైవరు మరీ పాతది, మార్చాలన్నాడు స్క్రూ బాబాయ్. గుమ్మంలో నిలబడిన జీపు డ్రైవరు ముఖం మాడ్చుకుని, తాను చేరి ఆరేళ్లేనని మనవి చేసుకున్నాడు. ఆయన్ని సముదాయించి, మెషీనులోని డ్రైవరు అనే సరంజామా మార్చి, ఆగిన క్యాషింగ్‌ను మళ్లీ మొదలుపెట్టి, మూత బిగించి, బాబాయ్ చివరి మాటగా ఇలా అన్నాడు: “ఒక వారం మీ మామూలు పని మీరు చేసుకోండి. మీరేం చేస్తున్నారో చూసి అదే నేర్చుకుంటుంది.”

ఇంత ప్రమాదకరమైన సలహా ఆ కార్యాలయానికి అంతవరకూ ఎవరూ ఇచ్చి ఉండలేదు.

వారం తిరిగేసరికి లాప్‌టాప్ నేర్చేసుకుంది. టైపిస్టు ఆడే పేకాట అరసెకనులో తెరుచుకునేది. సెలవు చీటీ నమూనా చెయ్యి వేయకముందే ఎదురొచ్చేది. ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది’ అనే ఉత్తరం అడగకపోయినా వచ్చేదని కొందరి సాక్ష్యం. వీటన్నిటికీ మించినది పెద్దసారు స్లైడ్ షో. దాని పేరు ‘వేగమే మా ఊపిరి’. నలభై రెండు స్లైడ్లు. ముప్పై తొమ్మిదింటిలో ఆయన ఫోటో, మిగతా మూడింటిలో ఆయన కుర్చీ. మెషీను బాగుపడిందో లేదో స్వయంగా పరీక్షించే బాధ్యత నెత్తిన వేసుకున్న ఆయన రోజుకు ఆరుసార్లు దాన్నే తెరిచి చూసేవారు. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి, రోజూ అదే ప్రశ్న అడిగి, నూటికి నూరు వేసి, పిల్లవాడు మేధావి అయ్యాడని చాటింపు వేసినట్టు, ‘వేగం నాలుగు వందల శాతం పెరిగింది’ అని ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపారు. ఈ అద్భుతాన్ని చూడటానికి కమిషనరు గారు వచ్చే శుక్రవారం పదకొండింటికి స్వయంగా వేంచేస్తున్నట్టు జవాబొచ్చింది.

సోమవారం రికార్డు అక్క ఏ లోకంలో ఉందో ఏమో, సర్వీసు రిజిస్టరు తెరిచింది. యాభై రెండు నిమిషాలు పట్టింది. మళ్లీ స్క్రూ బాబాయ్‌కి కబురు వెళ్లింది. ఆయన పేకాట తెరిచి చూశాడు. స్లైడ్ షో తెరిచి చూశాడు. తర్వాత ముసిముసిగా నవ్వాడు.

“దీనికే జబ్బూ లేదక్కా. రిజిస్టరు ఈ వారంలో ఎన్నిసార్లు తెరిచారు?”

“ఒక్కసారి,” అంది. “ఇవాళే.”

“ఇంకేం! మీకు అక్కర్లేనిదని అనుకుంది పాపం. రోజూ నాలుగుసార్లు తెరిచి చూడండి, దాన్ని దగ్గరికి తెచ్చుకుంటుంది. చోటు చాలకపోతే మిగతావి బయటికి తోసేస్తుంది.”

పక్కనే నిలబడి వింటున్న పెద్దసారు ఉలిక్కిపడ్డారు. “తోసేస్తుందా? నా స్లైడ్ షోనా?”

“వాడకపోతే అంతే కదండీ. ఎవర్నైనా.”

ఆ మధ్యాహ్నమే సర్క్యులర్ వెలువడింది. ‘శుక్రవారం నాటి ప్రదర్శన ముగిసేవరకు సర్వీసు రిజిస్టరును ఎవ్వరూ తెరవరాదు. మెషీను దృష్టి మళ్లించే ఎటువంటి విధి నిర్వహణకైనా పాల్పడిన సిబ్బందిపై కఠిన చర్య తీసుకోబడును.’ సర్వీసు రికార్డుల కార్యాలయంలో సర్వీసు రికార్డు తెరవడం ఆ విధంగా నేరమైంది. గోడకు అంటించిన సర్క్యులర్లలో సిబ్బంది అక్షరం పొల్లుపోకుండా పాటించినది చరిత్రలో ఇదొక్కటే.

బుధవారం నర్సమ్మ వచ్చింది. మూడు వందల కిలోమీటర్ల అవతల జ్వరాల వార్డులో పనిచేస్తోంది. ఆరేళ్ల కూతురు ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. సొంత ఊరి ఆసుపత్రిలో ఇన్నాళ్లకు ఒక ఖాళీ వచ్చింది. జాబితాలో మొదటి పేరు ఆమెదే. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ప్రధాన కార్యాలయంలో సర్వీసు ధ్రువపత్రం ఇస్తే ఉద్యోగం ఆమెది. లేదంటే జాబితాలో తర్వాతి పేరుది. ధ్రువపత్రం కోసం ఎనిమిది నెలల కిందటే దరఖాస్తు పెట్టింది. అది పరిశీలనలో ఉన్నట్టు పద్నాలుగు ఉత్తరాలు అందుకుంది.

“ఒక్క పేజీ అక్కా. నాది ఒక్క పేజీయే.”

“పేజీ ఒక్కటే తల్లీ. దానికోసం మొత్తం రిజిస్టరు తెరవాలి. తెరవకూడదంటూ గోడ మీద కాగితం అంటించారు.”

“మొన్న ఫోన్లో మా పాప నన్ను ఆంటీ అందక్కా.”

రికార్డు అక్క కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లింది.

“శుక్రవారం తర్వాత రమ్మనండి,” అన్నారు పెద్దసారు.

“శుక్రవారం దాటితే ఆ అమ్మాయికి ఇక అక్కర్లేదండీ.”

“అక్కర్లేకపోతే మరీ మంచిది. పెండింగులో ఒకటి తగ్గుతుంది.”

పాలనానుభవం అంటే ఇదే. సమస్యను పరిష్కరించేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. సమస్య తనంతట తానే విసుగెత్తి వెళ్లిపోయేదాకా ఓపిక పట్టగలిగినవాళ్లు సూపరింటెండెంట్లవుతారు.

రికార్డు అక్క బయటికొచ్చి, గోడ మీది సర్క్యులర్ను ఒకసారి, నర్సమ్మ చెప్పుల మీది దుమ్మును ఒకసారి చూసింది. “శుక్రవారం పొద్దున్నే వచ్చేయ్. ఎవరికీ చెప్పకు,” అంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె పాల్పడిన మొదటి విధి నిర్వహణ కుట్ర అది.

శుక్రవారం పెద్దసారు తొమ్మిదింటికే వచ్చి స్లైడ్ షోను పదకొండుసార్లు తెరిచారు. పదకొండుసార్లూ అది తటాలున తెరుచుకుంది. పదింపావు దాటాక పూలగుత్తితో గేటు దగ్గరికి నడిచారు. పదీ పదిహేడుకు రికార్డు అక్క నర్సమ్మను పక్కన నిలబెట్టుకుని రిజిస్టరు మీద నొక్కింది. యాభై రెండు నిమిషాలు. అంటే పదకొండూ తొమ్మిది. కమిషనరు స్థాయి అధికారి పదకొండింటికి వస్తానంటే పన్నెండున్నరకు రావడం మర్యాద కనుక, బోలెడు టైముందని ఆమె లెక్క.

కమిషనరు గారు సరిగ్గా పదకొండింటికి వచ్చారు. పై అధికారి సమయపాలన ఎంతటి విపత్తో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

పెద్దసారు వంగి స్లైడ్ షో మీద నొక్కారు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. మళ్లీ నొక్కారు. చక్రం అలాగే తిరుగుతోంది. లోపల ముసలి డిస్కు గరగరమంటూ, వణికే చేతులతో రిజిస్టరు పేజీలు ఒక్కొక్కటే మోసుకొస్తోంది. పెద్దసారు రికార్డు అక్క వంక చూసిన చూపులో రెండు మెమోలు, ఒక బదిలీ ఉన్నాయి. కానీ నోరు మాత్రం ఉపన్యాసం అందుకుంది.

“మహాశయా! వేగమనగానేమి? తొందర వేగం కాదు. నిదానం ఆలస్యం కాదు. వేగములో నిదానమును, నిదానములో వేగమును దర్శించుటయే మా కార్యాలయ సిద్ధాంతము! ఇక్కడి సాలిడ్ స్టేట్ డ్రైవు ఎంత ఘనమైనదో, సిబ్బంది అంతకంటె ఘనులు! ఎవరూ కదలరు! ఎంతటి ఒత్తిడి వచ్చినను కదలరు!”

తొమ్మిది నిమిషాలు అలా గడిచాయి. చక్రం ఆగింది. తెర నిండా రిజిస్టరు. రికార్డు అక్క రెండు మీటలు నొక్కగానే నర్సమ్మ పేజీ, ఫోటోతో సహా, పన్నెండేళ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేకుండా.

“ఇదేనా ప్రదర్శన?” అన్నారు కమిషనరు గారు.

“అవునండీ!” అన్నారు పెద్దసారు. జీవితంలో ఆయన తడుముకోకుండా చేసిన పని అదొక్కటే. అదే ఊపులో ధ్రువపత్రం అచ్చయింది. ఎనిమిది నెలలుగా పడని సంతకం, ముద్ర ఎనిమిది సెకన్లలో పడ్డాయి. నర్సమ్మ చెయ్యి చాపింది. కానీ ఆ కాగితాన్ని కమిషనరు గారి చెయ్యి ముందు అందుకుంది.

“దరఖాస్తుదారు నిలబడి ఉండగానే ధ్రువపత్రం! అద్భుతం! రామ్మా, ఇటు రా, మధ్యలో నిలబడు.” ఫోటో తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కాగితాన్ని భద్రంగా తన ఫైల్లో పెట్టుకున్నారు. “దీన్ని ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు పెడదాం. మిగతా శాఖలూ నేర్చుకుంటాయి.”

“అయ్యా, అది నాదండీ,” అంది నర్సమ్మ.

“మనందరిదీ తల్లీ!” అన్నారు కమిషనరు గారు, చెమర్చిన కళ్లతో.

రికార్డు అక్క క్షణంలో ఇంకో కాపీ తీసింది. సంతకం చేయాల్సిన పెద్దసారు మాత్రం కమిషనరు గారి కారులో వెళ్లిపోయారు. ఫోను ఎత్తలేదు. నర్సమ్మకే ముందుగా తట్టింది.

“అక్కా, నేనివ్వాల్సిందీ అక్కడే కదా! నాకంటే ముందే వెళ్లిపోయింది, అంతే. వెళ్లి అడిగి తీసుకుని ఇచ్చేస్తా.”

రికార్డు అక్కకు ప్రాణం లేచి వచ్చింది. ఆటో ఎక్కించి, వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చింది. నాలుగూ నలభైకి ఫోను మోగింది.

“అక్కా, కనపడింది.”

“అమ్మయ్య! ఇచ్చేశావా?”

“గోడ మీద ఉందక్కా. అద్దం వేసి, ఫ్రేము కట్టి, నాలుగు మేకులు కొట్టేశారు.”

“ఎవరితోనైనా చెప్పావా?”

“దరఖాస్తులు తీసుకునే ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించా. చూశాడు, చాలా బాగుందన్నాడు. సంతకమున్న అసలు కాగితం చేతికిస్తేనే తీసుకుంటాడట. అసలుందని ఒప్పుకున్నాడక్కా, అందిందని మాత్రం ఒప్పుకోడట. గోడ మీదున్నది ప్రదర్శన విభాగం సొత్తు, విప్పాలంటే వాళ్లకు దరఖాస్తు పెట్టుకోవాలి, ముప్పై రోజులు పడుతుందన్నాడు.”

రికార్డు అక్క గోడ గడియారం వంక చూసింది.

“అక్కా, పాప అడుగుతుంది. ఏం చెప్పను?”

ఇరవై రెండేళ్లుగా అడిగినవారికల్లా చెప్పిన ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబు రికార్డు అక్క నోటి దాకా వచ్చింది. పళ్లు బిగబట్టి దాన్ని మింగేసింది. ఐదింటిదాకా ఇద్దరూ ఫోను పెట్టలేదు.

సోమవారం ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లింది. అదే రోజు, ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. నిషేధిత సమయంలో రిజిస్టరు తెరిచినందుకు రికార్డు అక్కకు మెమో. అదే రిజిస్టరు అదే సమయంలో తెరుచుకున్నందుకు పెద్దసారుకు ప్రశంసాపత్రం.

ఆ ఫోటో మీ ఫోనుకూ వచ్చింది. మధ్యలో తెల్లచీర కట్టుకున్న అమ్మాయి, పక్కన కాగితం పైకెత్తి పట్టుకున్న పెద్దమనిషి, పైన ‘అడిగిన రోజే ధ్రువపత్రం’ అనే అక్షరాలు. అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆ అమ్మాయి ఒక్కతే కాగితం వైపు చూస్తోంది. అంత పరిశీలనగా చూసే తీరిక మీకెక్కడిది? రెండు చప్పట్ల బొమ్మలు పెట్టి, ‘దేశం మారుతోంది’ అని రాసి, ఇంకో పదకొండు మందికి పంపారు. ఆ పదకొండు మందిలో నేనూ ఉన్నాను. నేను మూడు చప్పట్లు పెట్టాను.