సొట్ట లేని బండి ఇవ్వబడదు

చక్రం కనిపెట్టిన నాడు మానవ నాగరికత మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పొరపాటు. ఒకడి చక్రాన్ని ఇంకొకడు ఎత్తుకుపోయి, తిరిగి వాడికే చూపించి, "సరిగ్గా చూసుకో, నీది ఎట్లా ఉన్నదో అట్లాగే ఇస్తున్నాం" అన్న నాడు మొదలైంది. ఆ నాగరికత ఇప్పుడు భూపాలపల్లి దాకా వచ్చింది. దాని పేరు 'లాగబడిన వాహనాల యథాస్థితి నిర్ధారణ కేంద్రం'. (బోర్డు చాలక చివరి రెండు మాటలు పక్క గోడ మీద రాశారు.)

న్యాయంగా చెప్పాలంటే ఈ కేంద్రం మన మేలుకే పుట్టింది. క్రేను లాగిన బండ్లకు గీతలు పడుతున్నాయని, అద్దాలు పోతున్నాయని జనం మొత్తుకున్నారు. జనగామ వాళ్ళు మొత్తుకున్నారు, మహబూబాబాద్ వాళ్ళు ఇంకా గట్టిగా మొత్తుకున్నారు. దాంతో నియమం వచ్చింది. క్రేనుకు తగిలించే ముందు బండిని నాలుగు దిక్కులా ఫొటో తీయాలి, విడిపించేటప్పుడు ఆ ఫొటోతో పోల్చాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా బండి గేటు దాటరాదు. ఇంత చక్కటి నియమాన్ని నేనూ మెచ్చుకున్నాను. అప్పటికి నా కారు నా ఇంటి ముందే ఉంది.

కారు పోయిన రోజు భూపాలపల్లిలో, మా అత్తగారి క్వార్టర్‌లో, మా ఆవిడ యమునకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోశారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ అన్నీ కలిపి ఒడిలో కడితే మూట పసిపిల్లంత బరువైంది. మా అత్తమ్మ భద్రమ్మకు ఈ విషయంలో రాజీ లేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇంటి దేవుళ్ళ ముందు దించేదాకా మూట ఎక్కడా కింద పెట్టరాదు, నడుమ ఎక్కడా రాత్రి ఉండరాదు అని తలుపు దగ్గర ఒకసారి, కారు దగ్గర ఒకసారి చెప్పింది. పోసిన ఒడి చల్లగా ఇల్లు చేరితేనే ఆడబిడ్డకు మేలట. యమున తల ఊపింది. నేనూ ఊపాను.

ఊరు దాటకముందే అరటిపళ్ళ కోసం ఆగాం. పళ్ళు తీసుకుని తిరిగేసరికి కారు లేదు. అక్కడ పార్కింగ్ నిషేధం బోర్డు ఉంది. కాకపోతే మోరీలో బోర్లా పడి ఉంది. (బోర్డు ఉండాలని నియమంలో ఉంది కానీ నిలబడి ఉండాలని లేదట.)

జరిమానా కట్టేశాం, దాని ఊసు ఇక్కడ వద్దు. కేంద్రం గేటు దగ్గర మమ్మల్నిద్దరినీ నిలబెట్టి ఫొటో తీశారు. బండి ఎట్లా ఉన్నదో రుజువు ఉన్నప్పుడు, బండి కోసం వచ్చినవాళ్ళు ఎట్లా ఉన్నారో కూడా ఉండాలి కదా అన్నారు. యమున ఒడిలో మూటను రెండు చేతులతో పట్టుకుని, మొహం చిట్లించుకుని నిలబడింది. ఫొటో బాగా వచ్చింది.

యథాస్థితి నిర్ధారణాధికారి ధర్మేందర్ గారు మర్యాదస్తుడు. చేతిలో ఫొటో, భూతద్దం పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణం చేశారు. బొగ్గు లారీ గీసిన గీత ఉంది, సరిపోయింది. ఇంటి దగ్గర గేటు గీసిన గీత, అదీ సరిపోయింది. అద్దం మీద కాకి రెట్ట కూడా ఫొటోలో ఉన్నచోటే ఉంది. వెనక బంపర్ దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

"సార్, ఇక్కడ సొట్ట ఉండాలె. ఏది?"

పోయిందన్నాను. నిరుడు ఒక బర్రె పొడిచిన సొట్ట అది. ప్లాస్టిక్ బంపర్, పైన ఎండ, క్రేను బెల్టు బిగింపు. ఎక్కడో దారిలో టక్కున బయటికి వచ్చి బంపర్ కొత్తదానిలా అయింది. నేను సంతోషపడ్డాను. ఆ ప్రాంగణంలో చేయకూడని పని అదేనని తర్వాత తెలిసింది.

"ఎటు పోయింది?" అన్నారు ధర్మేందర్ గారు.

క్రేను నడిపే మోతీలాల్‌ను పిలిపించారు. బండిని అనుమతి లేకుండా బాగు చేశాడని అతని మీద అభియోగం. మోతీలాల్ చేతులు జోడించాడు. "నాకేం ఎరుక లేదు సార్. నా సర్వీసుల ఇంతవరకు ఒక్క బండిని గూడ బాగు చెయ్యలే. ఎవ్వలనన్న అడుగుండ్రి." ఆ మాట నమ్మడానికి ఎవరికీ కష్టం కలగలేదు.

అప్పుడు ధర్మేందర్ గారు నాకు ఓపికగా వివరించారు. నియమం ప్రకారం మార్పే నష్టం. మంచి మార్పా చెడ్డ మార్పా అని చూడటం మొదలుపెడితే పక్షపాతానికి తావిచ్చినట్టవుతుంది. సొట్ట ఉన్న బండిని తెచ్చారు, సొట్ట లేని బండిని ఎట్లా ఇస్తారు? రేపు నేనే వచ్చి నా సొట్ట ఏదని అడిగితే ఎవరు జవాబుదారీ?

నేను అడగనన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని కూడా అన్నాను. అది ఆయనకు నచ్చలేదు. పోనీ నేనే ఒక తన్ను తన్ని సొట్ట పెడతానన్నాను. కేంద్రం ఆధీనంలో ఉన్న వాహనాన్ని యజమాని తన్నడం నేరమట. సిబ్బంది తన్నడం ఇంకా పెద్ద నేరమట. చట్టబద్ధంగా బండికి దెబ్బ తగలగల సందర్భం లోకంలో ఒక్కటే ఉంది, లాగుతున్నప్పుడు. కాబట్టి మళ్ళీ లాగాలి.

మోతీలాల్ కారును తగిలించుకుని ఊరంతా తిప్పి తెచ్చాడు. ముందు దీపం ఒకటి పగిలింది, సొట్ట పడలేదు. మళ్ళీ తిప్పాడు. ఈసారి గతుకులున్న దారి చూసుకుని మరీ తిప్పాడు. రెండో దీపం పోయింది, పక్క అద్దం ఊడింది, బంపర్ మాత్రం నిగనిగలాడుతోంది. మరి ఈ దీపాల సంగతేమిటని అడిగాను. లాగేటప్పుడు దీపాలు పగలడం సహజ నష్టమని, దానికి ఫారంలో వేరే ఖానా ఉందని, సొట్ట పోవడానికే ఖానా లేదని ధర్మేందర్ గారు బాధపడ్డారు. (వెంట్రుకవాసి నియమానికి తర్వాత సవరణ వచ్చిందట. ఈసారి క్రేనుల వాళ్ళు మొత్తుకున్నారు.)

ఇంతసేపూ యమున మూటతో నిలబడే ఉంది. ఉన్న ఒక్క కుర్చీ ఏదో లాగిన ట్రాలీలోది, దాని మీద కూర్చుంటే యథాస్థితి చెడుతుంది. మూట బల్ల మీద పెట్టక్కా అన్నారు ధర్మేందర్ గారు. ఆమె పెట్టలేదు. చేతులు మార్చుకుంటూ, పొద్దు వంక చూస్తూ నిలబడింది. నాకు కోపం వచ్చింది కానీ కోపానికి కూడా ఏ ఖానా లేదు.

మోతీలాల్ మూడోసారి బెల్టు తగిలించబోతుండగా యమున ఇక నిలబడలేకపోయింది. మూట గుండెలకు హత్తుకుని, వెనక్కి జరిగి, కారు బంపర్ మీద కూలబడింది.

టక్‌మంది.

అందరం వంగి చూశాం. అదే చోటు, అదే లోతు. ధర్మేందర్ గారు ఫొటో పెట్టి చూసి కళ్ళు తుడుచుకున్నారు. "ఇంత నిఖార్సుగ కలిసిన సొట్టను నేను ఇప్పటిదాంక చూడలే అక్కా" అన్నారు. మూట నేలకు తగల్లేదు కదా అని యమున నన్ను అడిగింది. తగల్లేదన్నాను.

అంతా సరిపోయింది. కాకపోతే అప్పటికి పొద్దు కుంకింది. దీపాలు లేని బండి చీకట్లో రోడ్డెక్కరాదని ఇంకో నియమం ఉంది. రేపు పొద్దున రమ్మన్నారు.

బస్సెక్కాం. కిక్కిరిసి ఉంది. ఒక ముసలవ్వ యమునను చూసి జరిగి చోటిచ్చింది. "ఒడిబియ్యమా బిడ్డా, పైలం, కింద పెట్టకు" అన్నది. ఆమె దగ్గర పోల్చుకోవడానికి ఏ ఫొటో లేదు. హనుమకొండలో బస్సు మారి ఇల్లు చేరి, దేవుళ్ళ ముందు మూట దించినప్పుడు యమున ఏడ్చినంత పని చేసింది. అది సంతోషమే. ఆ రాత్రే ఒడి విప్పి అందులోని బియ్యమే వండుకున్నాం.

మర్నాడు నేనొక్కడినే వెళ్ళాను. కారు సిద్ధంగా ఉంది. సొట్ట ఉంది, గీతలు ఉన్నాయి, కాకి రెట్ట ఉంది. ధర్మేందర్ గారు సంతకానికి కలం తీసి, గేటు దగ్గర తీసిన ఫొటో చూసి, నన్ను చూసి ఆగిపోయారు.

"సార్, అక్క ఏది?"

ఇంట్లో ఉందన్నాను.

"ఒడిల మూట?"

తినేశామన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. బండి యథాస్థితిలో ఉంది, యజమానే లేడు. నా మొహం కలిసిందట, ఫొటో కలవలేదట. అక్కను మూటతో సహా తీసుకొచ్చి అక్కడ నిలబెడితే క్షణంలో పని అయిపోతుందన్నారు. యమునకు ఫోన్ చేసి, ఇంట్లోని మామూలు బియ్యమే కట్టుకుని ఒకసారి రమ్మని బతిమాలాను.

"ఒకపారి ఇప్పిన ఒడి మల్ల కడతరా?" అన్నది. "గది మా అమ్మగారోళ్ళే పొయ్యాలె. ఉత్తుత్తిగ కట్టుకోరాదు."

మా అత్తగారింట్లో ఒడిబియ్యం మూడేళ్ళకోసారి పోస్తారు. అప్పటిదాకా ఆ సొట్టకు ఏమీ కాకుండా చూసుకుంటామని ధర్మేందర్ గారు నాకు మాట ఇచ్చారు.