ముల్లు చూపిన చోటు

నరేంద్రబాబు ఎడమ మోకాలికి ప్యాంటు మీదనే పసుపు పూసి, కుంకుమ పెట్టి, ముసలమ్మ కర్పూరం వెలిగించేసరికి వ్యవహారం చెయ్యి దాటిపోయింది.

ఆయన తిరగేసిన పడవ మీద కూర్చుని ఉన్నాడు. లేవడానికి వీల్లేదు. ఆయన లేస్తే అమ్మవారు లేచిపోతుందని ముసలమ్మ తేల్చేసింది. ఎదురుగా పదిమంది మగవాళ్ళు పారలతో ఇసుక తోడుతున్నారు. గొయ్యి నడుము లోతుకు దిగింది. తెల్లవారగానే వేటకు పోవలసిన పడవలన్నీ ఒడ్డునే బారులు తీరి ఉన్నాయి. ఊరి పెద్దకాపు హజరత్తయ్య దురాయి వేశాడు. గంగమ్మ శూలం బయటపడేదాకా ఏ పడవా నీళ్ళలో దిగకూడదు. ఆ పాలెంలో దురాయి వేశారంటే కోర్టు తీర్పు వచ్చినట్టే. పైగా అప్పీలు లేదు.

"సామీ, ఇంకాస్త ఎడంపక్కకా?" గోతిలోంచి ఒకడు అడిగాడు.

"నేను సామిని కాదు నాయనా. నెల్లూర్లో నీళ్ళ మోటార్ల కొట్టు నాది."

"నిజమైన సామి ఎవురూ నేను సామినని చెప్పుకోడు," అంది ముసలమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు వేసుకున్న పథకంలో పసుపు లేదు, కర్పూరం లేదు. పెన్నా నడక సంఘానికి నరేంద్రబాబు నాయకుడు. అడవుల్లో, కొండల్లో దారి చూపడానికి సంఘానికి ఒక చేతి జీపీయస్ మిషన్ ఉంది. అది ఎప్పుడూ నాయకుడి చేతిలోనే ఉంటుంది. రెండు దారులు చీలిన చోట ఆయన ఎడమ కాలు ఒక రాయి మీద పెట్టి, మోకాలి మీద మిషన్ ఆనించి, కళ్ళజోడు సవరించుకుని తెర మీద ఉత్తరం చూపే దిక్సూచి బాణం చూసేవాడు. సంఘం వాట్సాప్ గ్రూపుకు ఆ భంగిమే బొమ్మ. కానీ ఈ మధ్య ఆ భంగిమ తరవాత సంఘమంతా కలిసి ఒకసారి కోళ్ళఫారంలోకీ, ఒకసారి ఎవరిదో దినం భోజనాల్లోకీ నడిచారు.

"మిషన్ ముసలిదైంది. కొత్తది కొనాలి," అన్నాడు నరేంద్రబాబు.

"మిషన్ బాగానే ఉండాది బావా. పట్టుకున్నోళ్ళ సంగతి చూడాల," అన్నాడు చెంచురామయ్య. సంఘంలో ఆయనది ఎప్పుడూ ఎదురు ఓటే. వేసవిలో హిమాలయాలకు సంఘాన్ని ఎవరు నడిపిస్తారన్నది కూడా ఈ మాటలోనే దాగి ఉంది. నరేంద్రబాబుకు మంచుకొండలు చూడాలన్నది చిన్నప్పటి కోరిక. భూగోళం పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న పేజీని ఆయన చించి దాచుకున్నాడు కూడా.

సరే, కొత్త మిషన్ ఒకటి కొట్టువాణ్ణి అడిగి ఒక్క రోజుకు తెచ్చుకున్నారు. విడవలూరు దాటి సముద్రం ఒడ్డు చేరి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి నడిచి చూద్దామనుకున్నారు. సరుగుడు తోటల అవతల రోడ్డు మీద నరేంద్రబాబు భార్య రేవతి కారులో కారందోశలతో ఎదురుచూస్తూ ఉంటుంది.

రేవతికి ఈ నడకలంటే పడదు. అపార్టుమెంటు ఆడవాళ్ళకు ఆమె యోగా నేర్పుతుంది. "మోకాళ్ళు నొప్పి అని ఒక్క మాట మీ నోటి నుంచి వినపడిందా, ఆ బూట్లు వాచ్‌మన్‌కు ఇచ్చేస్తా. హిమాలయాలూ లేవు, ఏమీ లేవు," అని ముందే చెప్పింది. అందుకే నరేంద్రబాబు నొప్పి అనలేదు. మొన్న ఎగ్జిబిషన్‌లో ఆమె గాజుల కొట్టు వైపు పోయి తప్పిపోయిన అరగంటలో, నొప్పిని లాగేస్తుందని ప్రమాణం చేసి అమ్ముతున్నవాడి దగ్గర ఒక బెల్టు కొని, అప్పట్నుంచి ప్యాంటు కింద ఎడమ మోకాలికి కట్టుకుని తిరుగుతున్నాడు.

సముద్రం మీద సూర్యుడు అప్పుడే లేచాడు. నీళ్ళు రాగి పళ్ళెంలా మెరుస్తుంటే నరేంద్రబాబూ, చెంచురామయ్యా దక్షిణం వైపు నడిచారు. పాలెం దగ్గర నరేంద్రబాబు తిరగేసిన పడవ మీద కాలు పెట్టి, మోకాలి మీద పాత మిషన్ ఆనించాడు.

"ఇదేంది బావా," అన్నాడు చెంచురామయ్య. "సూర్యుడు మనకు ఎడంపక్కనుంటే ఉత్తరం ఎదురుగా ఎట్ట వస్తుంది? ఆ కొత్తది చూడు."

నరేంద్రబాబు కొత్త మిషన్ తీసి అదే మోకాలి మీద పెట్టాడు. రంగురంగుల తెర మీద ఎర్ర బాణం ఒక చుట్టు తిరిగి, సరిగ్గా పాతది చూపిన చోటే చూపింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక మిషన్ తప్పు చెప్పిందంటే సరే, రెండు మిషన్లూ కూడబలుక్కుంటాయా?

వలలు బాగుచేసుకుంటున్న హజరత్తయ్య లేచి వచ్చాడు. పడవల్లో దిక్సూచితో వేటకు పోయి తల నెరిసిన మనిషి. బాణం చూశాడు, ఇసుక చూశాడు.

"ముల్లు ఊరికే తిరగదు సార్. పడవలో లంగరు దగ్గర పెట్టినామంటే చాలు, ఇట్టాగే దారి తప్పుద్ది. ఇనుముంటేనే ముల్లు తిరుగుద్ది. ఈడ ఇనుముండాది."

ఆయన చెప్పినదానిలో ఒక్క అక్షరం తప్పు లేదు. పక్క గుడిసెలోంచి బయటికి వచ్చిన ముసలమ్మ చేతిలోని చేపల తట్ట జారిపోయింది.

"గంగమ్మ శూలం!"

వెనకటి తుఫానులో సముద్రం గుడిని మింగినప్పుడు నిలువెత్తు ఇనుప శూలం ఇసుకలోకి పోయింది. ఎన్ని చోట్ల తవ్వినా దొరకలేదు. ముసలమ్మ ఇన్నేళ్ళుగా ప్రతి పున్నమికీ ఒడ్డున దీపం పెట్టి, ఎక్కడున్నావో చెప్పు తల్లీ అని అడుగుతూనే ఉంది.

బాణం చూపిన చోటు గుర్తు పెడదామని నరేంద్రబాబు ఇసుకలో మోకాలు ఆనించాడు. లేచి చూసుకుని అలాగే నిలబడిపోయాడు. ప్యాంటు మీద, మోకాలి దగ్గర, నల్లటి ఇసుక ముళ్ళముళ్ళుగా నిక్కబొడుచుకుని నిలబడి ఉంది. దులిపాడు. రాలలేదు. వేలితో నొక్కితే వంగి, వేలు తియ్యగానే మళ్ళీ లేచింది. అచ్చంగా బతికున్నట్టు. యాభై ఏడేళ్ళ నరేంద్రబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క క్షణం ఆయన కూడా నమ్మాడు. తన కాలికింద ఎవరో ఉన్నారనీ, తనను పిలుస్తున్నారనీ గట్టిగా నమ్మాడు.

ముసలమ్మ చేతులు జోడించింది. ఆ తరవాత పాలెమంతా జోడించింది.

అక్కణ్ణించి పసుపూ కుంకుమా, పారలూ, దురాయి. మోకాలు ముట్టుకుని కళ్ళకద్దుకోవడానికి ఆడవాళ్ళు వరస కట్టారు. పసిపిల్లల తలలు తెచ్చి ఆనించారు. చెంచురామయ్య ఫోను తీసి వీడియో పట్టి సంఘం గ్రూపులో పెట్టాడు. ఆయన కూడా చేతులు జోడించాడు.

"బావా, నన్ను క్షమించు. కొత్త మిషన్‌కు నా ఓటు. హిమాలయాలకు నువ్వే నాయకుడివి. ఇంక మాట లేదు."

ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన మాట అది. వినడానికి ఎంతో బాగుంది కూడా. కానీ గొయ్యి తలలోతుకు దిగినా శూలం జాడ లేదు.

"సామీ, మళ్ళా ఒకతూరి చూడండి," అన్నాడు హజరత్తయ్య.

ఎండ కళ్ళలో పొడుస్తోందని నరేంద్రబాబు పడమటికి తిరిగి కూర్చుని, మోకాలి మీద మిషన్ పెట్టాడు. బాణం సూటిగా ముసలమ్మ గుడిసెను చూపింది.

తవ్వేవాళ్ళంతా అటు తిరిగారు. అప్పుడు ముసలమ్మ మెల్లిగా నవ్వింది.

"నా ఇంటికిందనే ఉండావా తల్లీ! ఇన్నాళ్ళూ నేను ఊరంతా వెతికినానే. పడగొట్టండిరా గోడ. గంగమ్మ అడిగితే ఇల్లియ్యనా?"

కుండలూ, చాపలూ తనే బయటికి మోసుకొచ్చి ఇసుకలో పెట్టసాగింది. నరేంద్రబాబు ఆమెను చూశాడు. మోకాలిని చూసుకున్నాడు. పసుపు మధ్య నల్లటి ఇసుక గుండ్రటి బిళ్ళలుగా నిలబడి ఉంది. ఒకే కొలత, ఒకే ఎడం, రెండు వరసలు. ఆ వరసలు ఆయనకు తెలుసు. రోజూ స్నానానికి ముందు విప్పుతున్నాడు. ఎగ్జిబిషన్‌లో వాడు అరిచిన అరుపు ఇప్పుడు చెవిలో గింగురుమంది. 'మాగ్నెట్ సార్, నొప్పిని లాగేస్తది!'

ఇసుకను లాగింది. బాణాన్ని లాగింది. ఆయన ఎటు తిరిగి కూర్చుంటే బాణం అటే చూపుతోంది. ఇప్పుడు ఆ బెల్టు ఒక ముసలిదాని ఇంటిని లాగుతోంది.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ రేవతి వచ్చింది. చుడీదారులో, చేతిలో దోశల డబ్బాతో, వీడియో చూసిన మొహంతో.

"ఏందండీ ఇది? మీ మోకాలికి హారతేంటి?" అంటూ దగ్గరకు వచ్చి, డబ్బా పక్కన పెట్టి, చూద్దామని ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది.

కూర్చున్న వెంటనే లేచింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆమె కుడి మోకాలి మీద నల్లటి ఇసుక ముళ్ళముళ్ళుగా లేచి నిలబడింది. గుండ్రటి బిళ్ళలు. ఒకే కొలత. రెండు వరసలు.

"అమ్మకు కూడా!" ఎవరో కేక పెట్టారు. పాలెమంతా ఇసుకలో సాష్టాంగపడింది. నరేంద్రబాబు కూడా పడవ మీంచి లేచిపోయాడు. నిలబడి ఉన్నది మొగుడూ పెళ్ళామే.

"ఆ రోజు నువ్వు పోయింది గాజుల కొట్టుకా?" అన్నాడు నరేంద్రబాబు పెదవులు కదపకుండా.

"యోగా టీచరుకు మోకాళ్ళ నొప్పంటే ఎవరైనా క్లాసుకు వస్తారా?" రేవతి కూడా పెదవులు కదపలేదు. "మీకు నొప్పి ఎప్పట్నుంచి?"

"శివరాత్రి నుంచి."

"నాకు ఉగాది నుంచి. మీరే చెప్పండి వాళ్ళకు."

"చెప్తే నా హిమాలయాలు పోతాయి. నువ్వు చెప్పు."

"చెప్తే నా క్లాసు పోతుంది. వీడియోలో పడతాను."

అవతల హజరత్తయ్య గునపం ఎత్తి గుడిసె గోడకు ఆనించాడు. ముసలమ్మ చివరిగా ఒక పాత దీపపు కుందె పట్టుకుని బయటికి వచ్చి, గోడను ఒకసారి అరచేత్తో నిమిరి, పక్కకు జరిగింది.

నరేంద్రబాబు కళ్ళ ముందు చిన్నప్పటి భూగోళం పుస్తకంలోని ఆ మంచుకొండ ఒక్కసారి తళుక్కుమని మెరిసింది. ఆయన దాన్ని అక్కడే వదిలేసి పడవ మీదికెక్కాడు.

"ఆపండయ్యా! అక్కడ ఇనుము లేదు!"

గునపం ఆగింది.

"గంగమ్మ నాకేం చెప్పలేదు. నేను సామిని కాదు. ముల్లును తిప్పింది, ఇసుకను లేపింది, మిమ్మల్ని పొద్దుట్నుంచి తవ్వించింది, ఈ తల్లి ఇంటి మీదికి గునపం తెచ్చింది, అన్నీ చేసిన దొంగ ఇదే!" ఆయన ప్యాంటు కాలు పైకి లాగాడు. "మోకాళ్ళ నొప్పికి కట్టుకునే మాగ్నెట్ బెల్టు!"

"నాది కూడా," అంది రేవతి, తల దించుకుని.

హజరత్తయ్య గునపం పక్కన పారేసి వచ్చాడు. పాత మిషన్ అందుకుని బెల్టు దగ్గరికి తెచ్చాడు, దూరం జరిపాడు, మళ్ళీ తెచ్చాడు. బాణం వెళ్ళింది, వచ్చింది. చాలాసేపు చూసి జనం వైపు తిరిగాడు.

"నేను మొదట్నే చెప్పలా? ఇనుముంటేనే ముల్లు తిరుగుద్దని!"

దురాయి ఎత్తేశాడు. పడవలు నీళ్ళలోకి దిగాయి. ముసలమ్మ కుండలు లోపలికి మోసుకుంటూ రేవతి దగ్గర ఆగి, "ఆ బెల్టు నాకొకటి పంపిస్తావా తల్లీ? దీపం పెట్టేదానికి వంగినప్పుడల్లా ప్రాణం పోతా ఉండాది," అని అడిగింది.

పాత మిషన్‌లో ఏ లోపమూ లేదని ఆ విధంగా రుజువైంది కనుక, పెన్నా నడక సంఘం ఆ సాయంత్రమే నాయకుణ్ణి మార్చింది.