అన్నభేది

తరిగొప్పుల నిరంజన్ ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిది గంటల బస్సెక్కి జనగామ పోయి, పసుపురంగుకు తిరిగిన నారుమడికి మందు తేవాలి. ఆ రోజే కొట్టకపోతే నారు దక్కదని, అది పోతే ఈ కారుకు నాటే లేదని వ్యవసాయాధికారి చెప్పేశాడు. మడి చూడడానికి వచ్చే ఆయన్నే అడిగి, మందు పేరు కనుక్కుని ఫోన్ చేస్తానని తమ్ముడు నగేశ్ పొలానికి పోయాడు.

ఫోన్ మోగినప్పుడు నిరంజన్ స్నానం చేస్తున్నాడు. నగేశ్ భార్య జ్యోత్స్న ఎత్తింది. “అన్నభేది, నిమ్మ ఉప్పు! జర జల్ది!” అని నగేశ్ అనగానే ఫోన్ కట్టయింది.

నిరంజన్ తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఎదురుగా చెంబు.

“బావా, గిది తాగుండ్రి. నిమ్మకాయ పిండి ఉప్పేసిన.”

“నగేశ్ ఫోన్ చేసిండా?”

“చేసిండు. అంతా చెప్పిండు. మా దగ్గర దాచుడెందుకు బావా?”

ఏం దాచాడో తెలియక నిరంజన్ తాగేశాడు. ఇంతలో తల్లి కమలమ్మ రెండో చెంబు తెచ్చింది. “ఎన్నిసార్లు పోయినవ్ నాయినా?”

“ఏడికి పోయిన? నాకేం కాలే!”

భేదులు పట్టినవాళ్లంతా మొదట అలాగే అంటారని తేల్చి, మూడో చెంబు కూడా పట్టించారు. దాంతో కడుపు నిజంగానే గడబిడ చేసింది. ఆయన పెరట్లోకి పరుగెత్తడం చూసి అత్తాకోడళ్లు ఆటో పిలిచారు. ఎనిమిది గంటల బస్సు ఆయన లేకుండానే పోయింది.

జనగామ దవాఖానలో సెలైన్ సగం ఎక్కేసరికి కబురందుకున్న నగేశ్ ఆయాసపడుతూ వచ్చాడు.

“అన్నభేది ఏది?”

“ఇప్పుడే జర తగ్గింది,” అంది జ్యోత్స్న.

“అది రోగం కాదే, నారుకు మందు!” నగేశ్ నెత్తి పట్టుకున్నాడు. నిరంజన్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

డాక్టరు మాత్రం నవ్వాడు. “ఇనుము, గంధకం కలిసిన ఉప్పుకు పాతపేరు అన్నభేది. మీ అన్నకు రక్తం తక్కువుంది. నేను రాసిన గోలీలల్ల ఉన్నది గూడ అదే. పేరే కొత్తది.”

నగేశ్ జనగామలోనే అన్నభేది, నిమ్మ ఉప్పనే సిట్రిక్ ఆమ్లం కొని, పొద్దుగూకకముందే కలిపి నారుకు కొట్టాడు. వారంలో మడంతా ఆకుపచ్చగా లేచింది. ఆ గోలీలు మింగిన నిరంజన్‌కు మాత్రం మలబద్ధకం పట్టుకుంది.