చేతిలో నలభై నిమిషాలు

ఆ ఆదివారం ఉదయం ఇంటి నుంచి బయల్దేరేటప్పటికి లెక్కలాయన చేతిలో ఉన్న సరుకు ఇది: ఒక వ్యాను, దాని నిండా వాయిద్యాలు, వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న నలుగురు కళాకారులు, సాయంత్రం ఆరు గంటలకి సంగీతోత్సవం పెద్ద వేదిక మీద నలభై నిమిషాలు. వ్యాను ఒక్కటే ఆయన సొంతం. మిగతావేవీ ఆయనవి కావు గానీ, వాటి వల్ల కలిగే నష్టం మాత్రం రెండేళ్ళుగా పూర్తిగా ఆయనదే.

ఆయనది ప్లాస్టిక్ సామాన్ల టోకు వ్యాపారం. నిద్రలో లేపి అడిగినా ఏ బకెట్టు ఏ వరసలో ఉందో చెప్పగలడు కాబట్టి వీధిలో ఆ పేరు స్థిరపడింది. దుకాణం వెనక గోడౌను. భార్య తమ్ముడు ఒకరోజు గిటారు భుజానేసుకుని వచ్చి, "నాలుగంటే నాలుగు రోజులు బావా, చోటు దొరకగానే వెళ్ళిపోతాం" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు. బ్యాండు పేరు గడ్డివాము. అమ్మమ్మల నాటి పొలం పాటలకి ఎలక్ట్రిక్ గిటారు తగిలించి పాడతారు. డ్రమ్ములు మొదలయ్యాయంటే అరల మీది మగ్గులు ఒక్కొక్కటే కిందికి దూకేవి. బేరగాళ్ళతో ఆయన వేళ్ళతో మాట్లాడాల్సి వచ్చేది. ఆ వేళ్ళ భాషలోనే ఒకసారి రెండు డజన్ల స్టూళ్ళు అడిగినవాడికి ఇరవై డజన్లు వెళ్ళాయి.

అయితే ఈ మధ్య గాలి మళ్ళింది. గడ్డివాము మూడు చిన్న ఉత్సవాల్లో పాడింది. ఒక పత్రికలో ఫోటో కూడా పడింది. ఇవాళ వినడానికొచ్చే కమిటీ మేడంకి నచ్చితే ఏడాది పొడుగునా పన్నెండు ఊళ్ళ ఉత్సవాలకి తిప్పుతారట. అంతకన్నా ముఖ్యంగా, ఎంపికైన బ్యాండుకి సాధన కోసం ఉత్సవాల కమిటీయే ఒక హాలు ఇస్తుందట. ఆ చివరి మాట చెవిన పడిన క్షణాన లెక్కలాయన వాళ్ళకి మేనేజరు అయిపోయాడు.

"ఏమండీ, మా వాడిని కసురుకోకండి. కళాకారుడి మనసు సున్నితం" అంది భార్య గేటు దగ్గర.

"వాడి మనసు సున్నితమే. నా మగ్గులే గట్టివి, ఎన్నిసార్లు పడ్డా పగలవు" అని వ్యాను ఎక్కాడు.

పది గంటలకి మైదానం చేరారు. డ్రమ్ములవాడు ఇంకా రాలేదు. వాడు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకుడు, ఆదివారం కూడా సగం పూట పని. ఒంటిగంట బస్సుకి దిగుతాడు. ఆరింటి దాకా ఎలాగూ పని లేదు కదా అని లెక్కలాయన వ్యాను నీడలో కుర్చీ వేసుకున్నాడు.

అప్పుడు వచ్చాడు గడ్డం గాయకుడు. రెండింటికి పాడాల్సిన బృందానికి పెద్ద. "అన్నగారూ, మా వయొలిన్ ఆయన రైల్లో చిక్కుకుపోయాడు. అయిదింటికి గానీ రాడు. మీ ఆరు గంటలు మాకిచ్చి మా రెండు గంటలు తీసుకోండి, పుణ్యముంటుంది."

లెక్కలాయన జీవితంలో దేన్నీ సమానానికి సమానంగా మార్చలేదు. "మీది ఎన్ని నిమిషాలు?"

"యాభై."

"మాది నలభై. మీకు సాయం చేసినట్టూ ఉంటుంది. సరే, తీసుకోండి."

బావమరిది పరిగెత్తుకుంటూ వచ్చాడు. "బావా! ఆరింటికైతే జనం కిటకిటలాడతారు. రెండింటికి ఎవడుంటాడు?"

"సరుకు మంచిదైతే ఎప్పుడైనా కొంటారు. పది నిమిషాలు లాభం తెచ్చాను, ముందు అది చూడు."

"కమిటీ మేడం వింటుందా మరి?"

"తనిఖీకి వచ్చే మనిషి పొద్దుటి నుంచే ఉంటుందిరా. నాకు తెలీదా తనిఖీలు!"

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే పాటల అక్కాచెల్లెళ్ళు వచ్చారు. వాళ్ళది మిట్టమధ్యాహ్నం పన్నెండు. నిండా గంట. చెల్లెలికి గొంతు పోయింది. అక్క చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. "బాబాయ్ గారూ, రెండు గంటలు ఊరట దొరికితే ఇది కాస్త పలుకుతుంది" అంది. చెల్లెలు అవునన్నట్టు తల ఊపి, నోరు తెరిచి, గాలి మాత్రం వదిలింది. యాభై నిమిషాలు వెళ్ళి అరవై నిమిషాలు వచ్చాయి. లెక్కలాయన జేబులోంచి దుకాణం ఆర్డర్ల పుస్తకం తీసి, మూడు చీటీలు రాసి, కింద సంతకం పెట్టి, ఒకటి వాళ్ళకీ, ఒకటి గడ్డం గాయకుడికీ ఇచ్చి, ఒకటి వేదిక మీది వ్యాఖ్యాతకి పంపాడు.

వ్యాఖ్యాతకి అప్పటికే మైకు పలకక, కరెంటువాడు దొరకక తల తిరుగుతోంది. చీటీ చూసి, "ఎవరో ఒకరు పైన ఉంటే చాలు నాయనా, నన్ను అడక్కండి" అన్నాడు. దాన్ని లెక్కలాయన రాతపూర్వకమైన అనుమతి కింద జమ కట్టుకున్నాడు.

"బావా, పన్నెండింటికా? డ్రమ్ములవాడు ఒంటిగంటకి గానీ రాడు!" అన్నాడు బావమరిది.

లెక్కలాయన నాలిక కరుచుకున్నాడు. చేతిలో సరుకు పెరిగింది గానీ త్వరగా పాడైపోయే సరుకు. వెంటనే వదిలించుకోవాలి. చుట్టూ చూస్తే ముఖ్య అతిథి కనిపించాడు. రిటైరైన హెడ్మాస్టరుగారు, నాలుగింటికి అరగంట ఉపన్యాసం.

"మాస్టారూ, నాలుగింటికంటే జనం భోంచేసి కునుకు తీస్తూ ఉంటారు. పన్నెండింటికైతే చురుగ్గా వింటారు."

"జనం సంగతి అలా ఉంచవయ్యా, ఆ వేళకి నేనే కునుకు తీస్తాను" అని ఆయన సంతోషంగా చీటీ తీసుకున్నాడు. మిగిలిన పన్నెండున్నర అరగంటని ఒక వేణువు బడి పంతులమ్మ ఎగరేసుకుపోయింది. పిల్లల్ని పెందరాళే ఇళ్ళకి చేర్చాలని ఆవిడ గోల. బదులుగా తన అయిదు గంటల వేళ ఇచ్చింది. నలభై నిమిషాలు.

ఇంతలో వార్త పాకింది. వ్యాను నీడలో ఒకాయన వేళలు మారుస్తాడట! తీగ తెగిన వాళ్ళు, దారి తప్పిన వాళ్ళు, అలిగి మళ్ళీ కలిసిన వాళ్ళు వరస కట్టారు. తనకి సంబంధం లేని బేరాలు కూడా లెక్కలాయన కుదిర్చిపెట్టాడు. "మీరు వాళ్ళది తీసుకోండి, వాళ్ళు వీళ్ళది తీసుకుంటారు, వీళ్ళు పావుగంట ముందు దిగిపోతారు. తర్వాత!" ఆర్డర్ల పుస్తకం సగం అయిపోయింది. ముప్ఫయ్యేళ్ళ వ్యాపారంలో ఇంత గిరాకీ ఆయన చూడలేదు. ఆకలి కూడా తెలియలేదు.

ఒంటిగంట దాటాక డ్రమ్ములవాడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "మనదెప్పుడు అన్నా?"

"నాలుగింటికి ముప్ఫై, అయిదింటికి నలభై. వెరసి డెబ్బై!" లెక్కలాయన మీసం దువ్వుకున్నాడు. "నలభైతో వచ్చాం. చూశారా?"

అప్పుడే నీళ్ళ సీసా కోసం అటు వచ్చిన వ్యాఖ్యాత ఆగాడు. "మీరేనా గడ్డివాము? మిమ్మల్ని వినడానికే కమిటీ మేడం ప్రత్యేకంగా వస్తున్నారు. ఆరింటికి దిగి ఏడింటికి వెళ్ళిపోతారు. ఆరింటికి సిద్ధంగా ఉండండి."

బ్యాండులో వేణువు వాయించే అమ్మాయి తన పెట్టె మూత నెమ్మదిగా మూసింది.

"తనిఖీలు తెలుసన్నావు కదా బావా" అన్నాడు బావమరిది.

లెక్కలాయనకి కళ్ళ ముందు గోడౌను కనిపించింది. ఇంకో ఏడాది ఎగిరిపడే మగ్గులు కనిపించాయి. ఒక్క ఉదుటున లేచి గడ్డం గాయకుడిని వెతుక్కుంటూ వెళ్ళాడు. పొద్దున తను కూర్చున్నట్టే అతను కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. పొద్దున అతను నిలబడ్డట్టే ఇప్పుడు లెక్కలాయన నిలబడ్డాడు.

"తమ్ముడూ, మా ఆరు గంటలు మాకిచ్చెయ్యి."

"అదెలా కుదురుతుంది అన్నగారూ? చీటీ మీద మీ సంతకమే ఉంది."

"అయిదు గంటల నలభై ఇస్తాను. సమానానికి సమానం." ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆయనకే నమ్మకం కుదరలేదు.

"మేడం ఆరింటికి కదా వచ్చేది? ఆ సంగతి నాకూ తెలిసింది." గడ్డం నిమురుకున్నాడు. "పోనీండి, పొద్దున సాయం చేశారు. రెండో ఇరవై మీకు. మొదటి ఇరవై మాకు. మీ నాలుగింటి వేళా, అయిదింటి వేళా నాకిచ్చెయ్యండి."

"నాలుగింటికి మీ వయొలిన్ ఆయనే ఉండడు కదయ్యా! ఏం చేసుకుంటావు?"

"ఎవరికైనా మారుస్తాను. పొద్దుటి నుంచి మిమ్మల్ని చూస్తూనే ఉన్నా కదా."

డెబ్బై ఇచ్చి ఇరవై పుచ్చుకుని లెక్కలాయన వెనక్కి నడిచాడు. వ్యాపారంలోకి వచ్చాక బేరంలో మొదటి నష్టం, అదీ గడ్డం ఉన్న పాటగాడి చేతిలో.

"ఇరవై నిమిషాలా?" బావమరిది నెత్తి పట్టుకున్నాడు. "మొదటి పాటలో ఆలాపనే ఆరు నిమిషాలు బావా!"

"ఆలాపన తీసెయ్యి."

"అది లేకపోతే పాటకి తలే లేదు!"

"తల లేకపోయినా ఫర్వాలేదు, కాళ్ళు ఆడితే చాలు. ఎక్కండి."

ఆరూ ఇరవైకి ఎక్కారు. పక్కన వాచీ పట్టుకుని నిలబడ్డ లెక్కలాయన, అలవాటైన వేళ్ళ భాషలో నిమిషాలు చూపించాడు. తల లేని పాట నిజంగానే కాళ్ళతో లేచింది. ముందు వరసలో పిల్లలు గెంతారు, వెనక వరసలో పెద్దవాళ్ళు గెంతారు. నాలుగో కుర్చీలో కళ్ళజోడు మేడం చెప్పు తాళం వేస్తోంది. రెండు పాటలూ, మూడోదాంట్లో సగమూ అయ్యేసరికి వేళ దాటింది. జనం "ఇంకా, ఇంకా" అని అరిచారు. వేదిక వెనక లెక్కలాయన మొదటిసారి బావమరిదిని కౌగిలించుకున్నాడు. గోడౌను తాళంచెవి చేతికొచ్చినంత పనైంది.

మేడం మెట్లెక్కి వచ్చింది. ఆవిడ చేతిలో ఆర్డర్ల పుస్తకం చీటీల దొంతర.

"ఇవి రాసిందెవరు?"

లెక్కలాయన జేబులోని పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నేనేనండి. తప్పయితే..."

"తప్పా! పొద్దుటి నుంచి ఈ వేదిక ఒక్క నిమిషం ఖాళీగా లేదట. ఇన్నేళ్ళలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. రాని వాళ్ళు లేరు, పాడని వాళ్ళు లేరు, కొట్టుకున్న వాళ్ళు లేరు. రేపటి నుంచి పన్నెండు ఉత్సవాలకీ వేళలు మీరే చూడాలి. కాదంటే ఒప్పుకోను." ఆవిడ అక్కడికక్కడే ఒక గుర్తింపు బిళ్ళ తీసి ఆయన మెళ్ళో వేసింది.

"మరి... మా పిల్లలండీ?"

"బ్రహ్మాండంగా పాడారు. కానీ పూర్తిగా నలభై నిమిషాలు వినకుండా ఎవర్నీ తీసుకోకూడదని మా నియమం. మిమ్మల్ని పిలుస్తూ పంపిన ఉత్తరం రెండో పేజీలో రాశాం కదా."

అందరూ బావమరిది వైపు చూశారు. "రెండో పేజీ వెనక ఖాళీగా ఉందని పాటల వరస రాసుకున్నామండి" అన్నాడు వాడు. "మైకు స్టాండుకి అంటించాం."

"పోనీలెండి. వచ్చే ఏడాది రండి, ఈలోగా బాగా సాధన చెయ్యండి. చోటు ఉందా?"

"ఉందండి!" వాడి ముఖం వెలిగిపోయింది. "మా బావ గోడౌను. ఇకనుంచి బావ ఎలాగూ ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు కాబట్టి, ముందున్న దుకాణం గది కూడా."

వ్యాను ఎక్కేలోపు భార్య ఫోను. "ఏమండీ, ఎంపిక చేశారా?"

"చేశారు."

"మా వాడినేనా?"

"కాదు. మీ ఆయన్ని."

దారిలో లెక్కలాయన అలవాటు కొద్దీ లెక్క తేల్చాడు. వెళ్ళేటప్పుడు నలభై నిమిషాలు. వచ్చేటప్పుడు తిరగాల్సిన ఊళ్ళు పన్నెండు, మెళ్ళో బిళ్ళ ఒకటి, గోడౌనులో మనుషులు అయిదుగురు. అన్నీ పోను నికరంగా మిగిలింది బిళ్ళ, అది కూడా ప్లాస్టిక్‌దే.