సగంలో ఆగే వీడియో

ఆ ఆదివారం ఉదయం లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. ఇంట్లోవాళ్లు ఎవరి గదుల్లోకి వాళ్లు వెళ్లాక, హాల్లో టీవీ ముందు కూర్చుని, భార్య వీడియో ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ఆవిడ పోయి ఆర్నెల్లయింది. వీడియో మాత్రం నిన్ననే దొరికింది. మూలన పడి ఉన్న పాత ఫోనులోంచి బావమరిది దాన్ని బయటికి తీసి, ఇంట్లోని టీవీకీ ఫోన్లకీ వీడియోలు పంపే సర్వర్ పెట్టెలోకి ఎక్కించాడు.

"అందరం కలిసి చూద్దామా?" అని అతను అడిగితే ఎవరూ తలెత్తలేదు. "నావల్ల కాదు నాయనా" అంది అత్తగారు. "నాకు పరీక్షలున్నాయి" అంది కూతురు. "నాకు పేపర్లు దిద్దే పనుంది" అన్నారు మాస్టారు. ఒకరి ముందు ఒకరు ఏడవకూడదన్నది ఆ ఇంట్లో ఎవరూ పెట్టని, అందరూ పాటించే నియమం.

ఎవరైనా వస్తే చూపించడానికి పేపర్ల కట్ట ఒళ్లో పెట్టుకుని మాస్టారు మీట నొక్కారు. తెర మీద వంటగది. ఆవిడ వెనక్కి తిరిగి, ఫోను పట్టుకున్న ఆయన్ని చూసి గరిటె ఆడించింది. "సినిమా తీసింది చాలు. నేను ఒక్కపూట లేకపోతే ఈ ఇంట్లో మీరు..."

అక్కడ ఆగిపోయింది. నోరు సగం తెరిచి, గరిటె గాల్లో పెట్టి, ఆవిడ అలాగే నిలబడింది.

మీరు, ఏమిటి? మాస్టారికి గుర్తు రాలేదు. అప్పుడు తను నవ్వినట్టు మాత్రం గుర్తుంది. ఇన్నేళ్లు కాపురం చేసి, ఆవిడ తనతో అన్న మాట చివర ఏముందో మరిచిపోయానన్న సంగతి ఆయన గుండెలో రాయిలా పడింది. వెనక్కి జరిపి మళ్లీ వేశారు. ఈసారి గరిటె దాకా కూడా రాలేదు.

చివరికి మొహమాటం చంపుకుని, మేడ మీది బావమరిదిని పిలిచారు. అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"పేపర్లు దిద్దుతున్నారనుకున్నానే బావగారూ?"

"దిద్దుతూనే ఉన్నానయ్యా. పెట్టె పనిచేస్తోందా లేదా అని ఊరికే చూశాను."

"నేనైతే చూడనేలేదు లెండి" అన్నాడు అతను, ఎవరూ అడక్కుండానే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఈ వీడియో బరువెక్కువ. చూసే ప్రతివాళ్ల కోసం పెట్టె దాన్ని అప్పటికప్పుడు చిన్నది చేసి పంపాలి. చూసేవాళ్లు ఎక్కువైతే రొప్పుతుంది."

"చూసేది నేనొక్కణ్ణేగా!"

"అదే అంతుపట్టడం లేదు."

పెట్టె వేడెక్కిందని బీరువాలోంచి తీసి టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టాడు. అక్కణ్ణించి టీవీ దాకా హాలుకి అడ్డంగా వైరు లాగాడు. ఒక్కో మార్పు చేశాక, పరీక్షించడానికని తన ఫోనులో వీడియో మొదటి నుంచి పెట్టుకుని, గోడవైపు తిరిగి చూసేవాడు. "దుమ్ము బావగారూ" అంటూ కళ్లు తుడుచుకునేవాడు. టీవీలో ఆవిడ కదిలితే ఒట్టు.

"ఇలా లాభం లేదు. చిన్న కాపీ ఒకటి చేసి, పెద్దదాన్ని అవతల పారేద్దాం!" అని ఫ్యాను హోరులో వినబడేలా అరిచాడు.

ఆ కేక తలుపు వెనకున్న అత్తగారి చెవిన పడిందనీ, ఆవిడ మనవరాలి గదికి పరిగెత్తి, "ఒసే, మీ నాన్న మీ అమ్మని అవతల పారేయిస్తున్నాడే!" అందనీ మాస్టారికి తర్వాత తెలిసింది. ఇద్దరూ చేతికందిన యంత్రాల్లోకి వీడియోని దించుకోవడం మొదలుపెట్టారు. పెట్టె పరిస్థితి మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. తెర మీద ఆవిడ గళ్లుగళ్లుగా విడిపోయింది. గరిటె ఒకచోట, చెయ్యి ఒకచోట. గొంతు "నే... నే... నే..." అంటోంది.

"మీరేమైనా ముట్టుకున్నారా బావగారూ?"

"నేనేం ముట్టుకోలేదు! సాయానికి పిలిస్తే, ఉన్న ముఖం కూడా లేకుండా చేశావు కదయ్యా!"

ఆ "నే... నే..." వినలేక మాస్టారు లేచి పెట్టె ప్లగ్గు పీకేశారు.

"అయ్యో!" అని కూతురి గదిలోంచి కేక. "ఓరి దేవుడో!" అని అత్తగారి గదిలోంచి మరోటి. "ఇప్పుడే కదా అక్క ఇటు తిరిగిందీ" అని పక్కనే బావమరిది.

కూతురు లాప్‌టాప్ కావలించుకుని వచ్చింది. "తీసేశారా నాన్నా? ఇంకాస్తలో దిగిపోయేది!"

"నా బిడ్డ మీ పెట్టెలో అంత చోటు తినేసిందా బాబూ?" అంది అత్తగారు, చేతిలో టాబ్లెట్‌తో వచ్చి.

"మీవల్ల కాదన్నారు కదా అత్తయ్యగారూ? నీకు పరీక్షలన్నావు?"

"మీ పేపర్లు తలకిందులుగా ఉన్నాయి నాన్నా" అంది కూతురు.

"పెట్టెకి రోగమేం లేదు" అన్నాడు బావమరిది చివరికి. "పొద్దుట్నుంచీ నలుగురం నాలుగు గదుల్లోంచి దాన్ని పీక్కుతింటున్నాం."

మిగతావన్నీ మూసేసి, పెట్టె ప్లగ్గు మళ్లీ పెట్టి, నలుగురూ ఒకే సోఫాలో ఇరుక్కున్నారు. వీడియో నీళ్లలా సాగింది. గరిటె ఆడింది. "నేను ఒక్కపూట లేకపోతే ఈ ఇంట్లో మీరు..." మాస్టారు ముందుకు వంగారు. ఆవిడ చెయ్యి చాపి మిక్సీ వేసింది. పెదవులు చాలాసేపు కదిలాయి. మిక్సీ ఆపి, "అర్థమైందా?" అంది.

"ఆఁ, అర్థమైంది" అని నవ్వింది వీడియోలో మాస్టారి గొంతు. వీడియో అయిపోయింది.

"ఏమందిరా?" అని అడిగింది అత్తగారు.

"మళ్లీ వెయ్యి మావయ్యా."

మళ్లీ వేశాడు. ఆ తర్వాత మళ్లీ. మాస్టారి కళ్లు కారుతున్నాయి. ఈసారి ఆయన దాచుకోలేదు.

మిక్సీ చప్పుడు మాత్రం ఎక్కడా ఆగకుండా, చాలా స్పష్టంగా వచ్చింది.