కర్రోడి చెవి గాట్లు

"వరాహ జాతి ఉద్ధరింపబడనిదే ఈ అడవి ఉద్ధరింపబడదు" అని పశువుల డాక్టరు వెంకటకృష్ణ గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుంపులో ప్రకటించారు.

గుంపు అంటే ఇక్కడ జనం కాదు, ఊరు. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే వచ్చే ఇరవై ఇళ్లు. ఆ ఇళ్లలో ఎవరూ ఉద్ధరణకు దరఖాస్తు పెట్టుకోలేదు. అయినా అది జీపేసుకుని వచ్చింది. దాని పేరు వరాహ వికాస పథకం. డాక్టరుగారు 'పంది' అనే మాట నోట రానివ్వరు. మూడేళ్లుగా పందుల మీదే జీతం తింటూ, ఆ మాట మాత్రం అనకుండా నెట్టుకొచ్చిన నిష్ఠాపరుడు. సారు ఇంట్లో ఉల్లిగడ్డ కూడా ఉండదని, ఇక్కడ మంచినీళ్లు కూడా ముట్టరని అటెండరు పగిడయ్య ముందే వచ్చి చాటి పోయాడు.

గుంపు మొత్తానికి పోతు పంది ఒక్కటే. అది బొజ్జయ్యది. నల్లగా ఉంటుందని పేరు కర్రోడు. పదమూడు ఆడపందులు ఈనాలంటే వాడే దిక్కు. డాక్టరుగారి కన్ను వాడి మీదే పడింది.

"దీని వెంట్రుకలు కుదుళ్లతో పీకి హైదరాబాదు పంపుతాం. లోపల గుర్తులుంటాయి. తొందరగా పెరిగే గుర్తు ఒకటి, మాంసం మెత్తగా ఉండే గుర్తు ఒకటి. అవి ఉన్నాయో లేదో అక్కడ చూస్తారు."

"గుర్తుకు హైదరాబాదు దాకా ఎందుకు సారు? ఈడనే ఉంది" అని బొజ్జయ్య కర్రోడి ఎడమ చెవి పట్టి చూపించాడు. "రెండు గాట్లు. మా తాత కాన్నుంచి మా ఇంటి గుర్తు గిదే. ఒక్క గాటుంటే జంపక్కోళ్లది."

"అది గుర్తు కాదయ్యా, గాయం. నేను చెప్పేది పుట్టుకతో వచ్చేది. నెత్తుట్లో ఉంటుంది."

"పుట్టుకతోని ఎట్ల వస్తది సారు? పుట్టినంక మేమే కద కోసేది."

డాక్టరుగారు పగిడయ్యకు సైగ చేశారు. పగిడయ్య వెంట్రుకలు పీకాడు. పథకం మీద కర్రోడు తన అభిప్రాయం గట్టిగానే చెప్పాడు గానీ, అది రిజిస్టరులోకి ఎక్కలేదు.

నెలకు కాగితం వచ్చింది. పెరుగుదల గుర్తు లేదు. మెత్తదనం గుర్తు లేదు. నాసిరకం. గుర్తులు లేని పోతు ఆడపందుల మధ్య తిరగరాదు. విత్తులు తీయించాలి, లేదంటే అప్పగించాలి. అప్పగిస్తే గుర్తులున్న మేలురకం పోతును పథకమే ఇస్తుంది.

"గుర్తు లేకనే పోయినేడు నలభై పిల్లలకు అయ్య అయిండా?" అంది బొజ్జయ్య పెళ్లాం భీమక్క. "ఇయ్యకయ్యా. పోయినోడు మల్ల రాడు."

"ఇయ్యకుంటే విత్తులు తీస్తరట. ఇగ ఉండి ఏం లాభమే?"

కర్రోడిని ట్రాలీ ఆటో ఎక్కించారు. పగిడయ్య రశీదు చేతిలో పెట్టాడు: 'నాసిరకం. తొలగించడమైనది.' ఆ పూట భీమక్క మొగుడితో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. ఆ తరువాత కూడా గిన్నెలే మాట్లాడాయి.

మూడు వారాలకు మండలంలో పంపిణీ సభ పెట్టారు. షామియానా, మైకు, బొకేలు. పెద్ద అధికారి హేమలత మేడమ్ వచ్చారు. 'బహుదూరం నుండి తెప్పించిన మేలుజాతి వరాహరాజం' అని బ్యానరు కట్టారు. వరాహరాజానికి పట్టుశాలువా కప్పారు, చెవులు మునిగేలా బంతిపూల దండ వేశారు. బ్యానరు మీది బొమ్మలో అది తెల్లగా ఉంది. శాలువా కింద మాత్రం నల్లగా ఉంది.

మొదటి లబ్ధిదారుగా బొజ్జయ్యను పిలిచారు. అతను వేదిక ఎక్కాడో లేదో, వరాహరాజం తాడు పట్టుకున్న మనిషిని ఈడ్చుకుంటూ వచ్చి అతని మోకాలికి మూతి రాసింది. దండ జారింది. ఎడమ చెవికి రెండు గాట్లు.

"పగిడన్నా, ఇది మా కర్రోడు."

"మెల్లగ బొజ్జన్నా" అంటూ పగిడయ్య దగ్గరికి జరిగాడు. "మీ కర్రోడు కాగితం మీద ఎప్పుడో పోయిండు. మాదే అంటివా, నాసిరకమని మల్ల తీస్కపోతరు. సప్పుడు చెయ్యక పట్కపో."

"మరి ఆ తెల్లది ఏమాయె?"

పగిడయ్య జారిన దండను మళ్లీ చెవుల మీదికి లాగాడు.

తన పందిని తానే దండం పెట్టి తీసుకోవాలన్న మాట. బొజ్జయ్య దండం పెట్టాడు. ఫొటో తీశారు. మేడమ్ సర్టిఫికెట్ అందుకుని మైకులో చదివారు.

"పెరుగుదల గుర్తు, ఉంది. మాంసం నాణ్యత గుర్తు, ఉంది. మెత్తదనం, అమోఘం. రుచి, అమోఘం. స్వయంగా పరీక్షించి ధ్రువీకరించినవారు, డాక్టర్ వెంకటకృష్ణ."

చప్పట్లు మోగాయి. బొజ్జయ్య మాత్రం కొట్టలేదు.

"మేడమ్, ఒక్క మాట. గుర్తు నెత్తుట్ల చూస్తమని సారు చెప్పిండు. మరి బతికున్నదాని రుచి ఎట్ల చూసిండ్రు?"

మేడమ్ డాక్టరు వైపు తిరిగారు.

"శాస్త్రీయ పద్ధతిలో మేడమ్."

"అంటే ఎలా?"

డాక్టరుగారు పగిడయ్య వైపు చూశారు. ఇరవై ఏళ్ల నౌకరీలో ఒక్కసారి కూడా మైకు పగిడయ్య దగ్గరికి రాలేదు. ఇప్పుడు వచ్చింది. అతను పొంగిపోయాడు.

"వండి, మేడమ్. ఆదివారం, సారు క్వార్టర్ల. తెల్ల పోతును నేనే వండిన. సారు మూడుసార్లు పెట్టించుకోని పరీక్ష చేసిండు. బొక్కలు గూడ ఇడ్వలే."

"మీరు ఉల్లిగడ్డ కూడా ముట్టరని పొద్దున నాతో చెప్పారే?" అన్నారు మేడమ్.

"అది... ఆ పంది వేరు మేడమ్!" అన్నారు డాక్టరుగారు మైకు లాక్కుని.

మూడేళ్ల నిష్ఠ మైకులోనే భంగమైంది. గుంపు గుంపంతా విన్నది.

"ఆ పంది వేరైతే ఈ పంది మాదే కద సారు" అని బొజ్జయ్య తాడూ, సర్టిఫికెట్టూ అందుకుని వేదిక దిగాడు. కర్రోడు శాలువాతో సహా దిగాడు.

కింద నిలబడ్డ భీమక్క మూడు వారాల తరువాత మొగుడితో మొదటి మాట మాట్లాడింది.

"ఆ సర్టిఫికెట్ ఆడనే పెట్టి రా అయ్యా. సారు రుచి చూసిండని దాని మీద రాసున్నది. కర్రోడు జడుసుకుంటడు."