నాన్న ట్యూబు

అమ్మాయికి గొంతు స్నానాల గదిలోనే బాగా లేస్తుంది. ఆ ఉదయం ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారి ముందు చెప్పాల్సిన మాటలన్నీ అక్కడే, కుళాయి వదిలేసి, వల్లె వేస్తోంది. ఆమె పరిశోధన నానో ట్యూబుల మీద. అంటే కంటికి ఆనని బొగ్గు గొట్టాలు. వాటికి క్యాన్సర్ మందు తగిలించి ఒంట్లోకి పంపాలని ఆలోచన. డాక్టరుగారు సరేనంటే పని సాగుతుంది, కాదంటే ప్రయోగశాలకు తాళమే. పాపం, ఆ బెంగతో ముద్ద కూడా దిగడం లేదు.

తలుపు బయట తువ్వాలు భుజాన వేసుకుని మేనత్త తన వంతు కోసం నిలబడి ఉంది. ఆవిడకు ఒక చెవి వినపడదు. రెండోది తనకు తోచింది వింటుంది.

"నానో ట్యూబు లోపలంతా గుల్ల. మొత్తం బొగ్గే. క్యాన్సర్ గడ్డ దాకా వెళ్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఇక డాక్టరుగారి దయ!" అంది అమ్మాయి లోపల్నుంచి.

మేనత్త చెవికి చేరింది 'నాన్న ట్యూబు'. ఆ నాన్న ఆవిడకు స్వయానా తమ్ముడు. వంటింట్లోకి పరుగెత్తింది.

"కొంప మునిగిందే! మా తమ్ముడి ట్యూబు లోపలంతా గుల్లట, బొగ్గట!"

"ఏ ట్యూబు వదినా?" అంది అమ్మ, గరిటె జారవిడిచి.

"మనిషన్నాక లోపల ఏదో ఒక ట్యూబు ఉండదూ? పిల్ల మనకి చెప్పకుండా ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్తోందే!"

అమ్మాయి హడావుడిగా వెళ్ళిపోయింది. అమ్మ కళ్ళు తుడుచుకుని, పేపరు చదువుకుంటున్న నాన్న ముందు రెండో కాఫీ పెట్టింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో అడక్కుండా రెండో కాఫీ వచ్చిన దాఖలా లేదు.

"నేనేం చేశాను?" అన్నాడాయన బిక్కమొహంతో.

"మీరేం చేస్తారండీ, దేవుడిలాంటి మనిషి!"

ఆయన కప్పు కింద పెట్టేశాడు. "గాలి మారుతుంది, రా తమ్ముడూ" అంటూ మేనత్త ఆయన్ని లేవదీసి కారెక్కించింది. వెనకే అమ్మా ఎక్కింది.

ఆసుపత్రి కౌంటరు దగ్గర, "ట్యూబు కేసండీ, మా తమ్ముడు, అర్జెంటు!" అందావిడ. అంతే, చక్రాల కుర్చీ వచ్చేసింది.

"నేను నడవగలను" అన్నాడు నాన్న.

"అందరూ అలాగే అంటారు" అని నర్సు తోసుకుపోయింది.

ట్యూబుల డాక్టరుగారు పై హాల్లో ఉన్నారని ఎవరో చెబితే వదినా మరదళ్ళు మెట్లెక్కారు. తలుపు తోసేసరికి పెద్ద డాక్టరుగారు అమ్మాయి ముందు తల అడ్డంగా ఊపుతున్నారు.

"కుదరదమ్మా, నేను ఒప్పుకోను."

"అలా అనకండి బాబూ! మా తమ్ముడికి ఎంత వయసనీ!" అని మేనత్త భోరుమంది.

"అత్తా! నువ్వేంటి ఇక్కడ?"

"నాన్న ట్యూబు సంగతి మా దగ్గర దాస్తావుటే?"

అమ్మాయికి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక ఏడుపొచ్చింది. "నాన్న కాదత్తా, నానో! వెంట్రుకని వేల చీలికలు చేస్తే ఒక చీలికంత ఉంటుంది, బొగ్గు గొట్టం. మందు మోసుకెళ్ళి గడ్డ దగ్గరే దించాలని మా ఆశ."

"దించాక గొట్టం ఏమైపోతుందీ?" అంది మేనత్త.

"ఒంట్లోనే ఉండిపోతుందో, బయటికి పోతుందో, హాని చేస్తుందో, అదే ఎలుకల మీద చూస్తానని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నా!"

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "ఎలుకల మీదా? నా వార్డులో రోగుల మీద కాదూ?"

"అయ్యయ్యో, కాదు సార్!"

"ఆ ముక్క నా చెవిన పడనేలేదమ్మా. ఎలుకలకైతే కానియ్."

చెవుల విషయంలో మేనత్త ఒంటరి కాదని తేలింది. అమ్మాయి సంతోషం పట్టలేక అత్తని కావలించుకుంది.

"అవునూ, నాన్నేరీ?"

ముగ్గురూ మొహామొహాలు చూసుకుని కిందికి పరుగెత్తారు. వార్డులో నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో.

"ట్యూబు పెట్టేశాం, కంగారు పడకండి" అంది నర్సు.

"మీకేం లేదండీ! నిజంగా ఏమీ లేదు!" అంది అమ్మ, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

ఆయన పైకప్పు వంక చూస్తూ నిట్టూర్చాడు. "ఇంకా దాచకే. రెండో కాఫీ ఇచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది."